కాలవ కట్టేసిన నెల

నా ఉద్యోగం పేరు యాక్టివిటీ కోఆర్డినేటరు.
పేరంటాలు గారికి అది నోరు తిరగదు,
"చప్పట్లమ్మాయి" అంటుంది.
నలభై రెండేళ్ళదాన్ని.

పొద్దున్న తొమ్మిదింపావుకి
నరసాపురం బస్సు దిగి, కాలవ గట్టంట నడిచొచ్చి
గేటు దగ్గర చెప్పులు విడుస్తూ
మొహం తొడుక్కుంటాను.
పదింటికి కుర్చీల్లో వ్యాయామం, పదకొండుకి బెలూను,
మూడింటికి తంబోలా.
బుధవారం లేసు అల్లిక.
అన్నిటికీ ఫొటో తీసి ట్రస్టు గ్రూపులో పెట్టాలి,
ఫొటోలో నలుగురైనా నవ్వాలి.
నవ్వకపోతే మళ్ళీ తియ్యాలి.

బుల్లెమ్మ గారు సూది ముట్టుకోదు.
"యాభై ఏళ్ళు గుత్తకి అల్లేనమ్మా,
బెత్తెడుకింతని లెక్కకట్టి ఇచ్చేవోడు షావుకారు.
కళ్ళు అక్కడే పోయినయ్.
ఇప్పుడు ఊరికే అల్లమంటావేంటి?"
"ఆయ్, సరదాకండి" అంటాను.
సరదా అనే మాట
నా నోట్లో నానిపోయిన అప్పడం.

కిందటి వానాకాలం నుంచి ఏడుగురు.
ఆఖరున పోయింది దావీదు మాస్టారు,
తంబోలాలో ఎప్పుడూ ఆయనకి
ఒక్క నంబరు తక్కువయ్యేది.
మర్నాడు పదింటికి ఆ కుర్చీని గోడవైపు జరిపి
చేతులు పైకెత్తి
"ఒకటీ... రెండూ..." అన్నాను.
మేనేజరు మంచివాడే.
"మీరు డల్‌గా ఉంటే వాళ్ళూ డల్ అయిపోతారు మేడం" అన్నాడు,
మెల్లగానే అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి
మా దీవెన వైకుంఠపాళి పరిచి కూర్చుంటుంది.
"ఒక్క ఆటమ్మా."
గవ్వలు గుప్పిట్లో పట్టుకుని
వెయ్యడం మర్చిపోతాను.
"నీ వంతే. అమ్మా, నీ వంతే."
స్నానాల గదిలో బకెట్టు నిండి
పొర్లి గుమ్మం దాటుతున్నా
కుళాయి కట్టాలని తోచదు.

ఏప్రిల్లో కాలవ కట్టేశారు.
గుర్రపుడెక్క ఎండి గట్టుకి అతుక్కుంది.
మిగిలిన మడుగుల్లో పిల్లలు
మట్టగిడసల కోసం కలియదొక్కుతున్నారు.
పొక్లెయిను రోజంతా నల్లటి బురద తోడి
ఒడ్డున పోస్తోంది, ఆ వాసన హాలు దాకా.

సత్తెయ్య గారు ఆటలకి రాడు.
ముప్పయ్యేళ్ళు లాకుల దగ్గర లస్కరు పని చేసినాయన.
నా రిజిస్టర్లో ఆయన గడి నిండా
"పాల్గొనలేదు", "పాల్గొనలేదు".
వరండాలో కుర్చీ వేయించుకుని
నీళ్ళు లేని కాలవని చూస్తున్నాడు.
"ఏవుందండి చూడ్డానికి?"
"పని జరుగుతోంది కదా."
"పొక్లెయినా అండి?"
"కాదమ్మా, కాలవ.
ఏడాదికోసారి ఇలా కట్టెయ్యకపోతే అడుగు పైకొచ్చేస్తది.
చూడ్డానికి నిండుగానే పారతంటది,
శివారు చేలకి మాత్రం చుక్క చేరదు."

నా చేతిలో ఊదని బెలూను.
శివారు అన్నాడు కదా,
గుప్పిట్లో గవ్వలు గుచ్చుకున్నట్టయింది.
ఆయన పక్కనే నేల మీద కూలబడ్డాను.
పదకొండు దాటింది.
పదకొండున్నర కూడా.

లోపల్నుంచి వాకరు టకటకలాడించుకుంటూ
పేరంటాలు గారు వచ్చింది.
"ఏవమ్మాయ్, చప్పట్లు లేవా?"
"ఈ పూట లేవండి."
"హమ్మయ్య" అంది.
భుజం నొక్కుకుంటూ గుమ్మానికి ఆనుకుంది.
"కొట్టకపోతే నీ ఉద్యోగం ఏవన్నా అవుద్దేవోనని
కొడతన్నాం గానీ."

ఇన్నాళ్ళూ
ఎవరు ఎవర్ని నవ్విస్తున్నట్టు?

నవ్వొచ్చింది. ఫొటోకి పనికిరాని నవ్వు,
ముక్కు కారేంత.
బుల్లెమ్మ గారు తన కొంగు ఇచ్చింది,
చివర పాత లేసు, గరుగ్గా ఉంది.

సాయంత్రం పది రోజులు సెలవు అడిగాను.
"మీ బదులు ఎవరున్నారు మేడం" అని
కేలెండరు కేసి చూశాడు.
ఇస్తానన్లేదు, ఇవ్వననీ అన్లేదు.
బస్సుకి నడుస్తుంటే గట్టు మీద
ఎండిన బురద నెర్రెలిస్తోంది,
అందులో చిన్నపిల్లల చెప్పు ఒకటి,
ఎప్పుడు మునిగిందో.