తవుడు

టెక్కలి ఆసుపత్రిలో, ఎక్స్‌రే గదిలో
తవిటయ్య ఛాతీని వెలుతురు పెట్టెకి తగిలించాను.
నల్లటి ఫిల్ము మీద తెల్లటి చుక్కలు,
రెండు పక్కలా, పైభాగంలో మరీ ఒత్తుగా.
"సుక్కల్లాగున్నాయి బాబూ" అన్నాడు
ఇరవై రెండేళ్ళు నీలిరాయి కోసిన మనిషి.
"మబ్బు నేని రేతిరి డాబా ఎక్కితే
అచ్చం ఇలాగే అగుపిస్తాయి."

నేనేమీ అనలేదు.
రాత్రి డ్యూటీల్లో చదివిన సంగతి ఒకటుంది,
దగ్గుతున్న మనిషికి చెప్పేది కాదది.

ముసలి నక్షత్రం ఎర్రగా ఉబ్బుతుంది.
ఒళ్ళు పట్టలేక, ఊపిరి నిలవక
ఏడాదికోసారి పొంగి, ముడుచుకుని,
ఎగశ్వాసతో పై పొరల్ని ఊదేస్తుంది.
కొలిమికి దూరంగా ఆ ఆవిరి చల్లారే చోట
సిలికాను ఆక్సిజను చెయ్యి పట్టుకుంటుంది,
మెగ్నీషియం వచ్చి ఒరుసుకుంటుంది,
ఇనుము ఆలస్యంగా చేరుతుంది.
మొదటి నలుసు.
కంట్లో పడినా తెలియనంత.

అంటే రాయికన్నా ముందు రాతిపొడి పుట్టింది.
మనం రంపం పెట్టి
దాన్ని వెనక్కి నడిపిస్తున్నాం, అంతే.

బొగ్గు ఎక్కువున్న నక్షత్రాలు వేరే. వాటిది మసి.
పలాసలో జీడిబట్టీ గొట్టం లాగా
తమ మసిలో తామే కనబడకుండా పోతాయి.
పొద్దుటి ప్యాసింజరుకి పోయి జీడిపిక్కలు కొట్టే
నీలవేణి వేళ్ళు చూడాలి,
జీడి కాల్చిన నలుపు, ఏ సబ్బుకీ లొంగదు.
తవిటయ్య పెళ్ళాం ఆమె.
ఆ ఇంట్లో రెండు రకాల నక్షత్రాలూ
ఒకే గిన్నెలోంచి గంజి వంచుకుంటాయి.

పేలి చచ్చేవి ఇంకొన్ని.
అయినా తూకం కుదరలేదట లెక్కకట్టిన వాళ్ళకి.
చుక్కలు చల్లిన పొడికన్నా
చుక్కల మధ్య దొరికిన పొడి ఎక్కువ.
యార్డు గుమస్తా పొట్నూరు గవరయ్య పుస్తకంలో లాగా
ఎక్కడో ఒక లారీ, రాయని లోడు.
వెలుగు చొరని మబ్బుల్లో, దిక్కులేని చలిలో
నలుసుకి మంచు పట్టి, మంచుకి నలుసు అంటి
ఎవరికీ చెప్పకుండా పెరుగుతోందేమో అంటారు.
ఖాయంగా తెలీదు.
తెలీదని రాసిన ఆ ఒక్క వాక్యం
నాలుగుసార్లు చదివాను.

ఫిల్ము కవర్లో పెట్టి పేరు రాస్తూ
ఆ పేరెందుకు పెట్టారని అడిగాను.
మా వైపు అందరికీ తెలిసిందే. అయినా వినాలనిపించింది.
"నాకన్నా ముందు ముగ్గురు పోనారు బాబూ.
నాను పుట్టగానే సేటలో ఏసి పెంట మీద ఎట్టి,
పక్కింటి ముసల్దాని సేతికిచ్చీసి,
సేరుడు తవుడు పోసి మల్లీ కొనుక్కున్నారు.
ఇలవ లేని గుంటడని సావు ఎల్లిపోద్దని."

దగ్గాడు. గోడకి చెయ్యి ఆనించి
చాలాసేపు దగ్గాడు.

సూర్యుడికన్నా ముందు ఎన్ని పోయాయో.
పోయినవాటి పొడి ఏ చేటలో చెరిగారో,
ఎవరి చేతికిచ్చి ఎన్ని శేర్లకి తెచ్చుకున్నారో.
ఈ భూమి అసలు పేరు
తవిటమ్మ అయ్యుంటుంది.

ఫారంలో ఒక గడి ఖాళీగా ఉంది:
దుమ్ములో ఎన్నాళ్ళుగా?
ఇరవై రెండేళ్ళు అని రాశాను.
రాసి, ఆ అంకె వైపే చూస్తూ కూర్చున్నాను.

బయట రోడ్డు మీద రాయి లోడు లారీ వెళ్ళింది.
తవిటయ్య తువ్వాలు తీసి
ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.