కొసరు

పొద్దుగాల ఆరింటికి మేం షట్టర్ లేపుతం.
తొమ్మిదింబావుకు బొంబాయి లేపుతది.

ఆ నడిమి మూడుంబావు గంటల్లనే
మా రోజంతా అయిపోతది:
పాల ప్యాకెట్లు, రెండు బ్రెడ్లు,
రైల్వే క్వార్టర్ల నుంచి బ్లేడు కోసం
సబ్బు నురగతోనే ఉరికొచ్చిన కొత్త పెండ్లికొడుకు.
ఆ తర్వాత పబ్బ వీరేశం, అంటే మా ఆయన,
గల్లాపెట్టె మీద ఫోన్ నిలబెట్టి
జ్వరం కొలిచినట్టు గీతలు చూస్తడు.

పచ్చగుంటే నన్ను చాయ్ పెట్టమంటడు.
ఎర్రగుంటే
ఎవడో దొంగిలించినట్టు
కందిపప్పు సంచులు మళ్లీ లెక్కవెడ్తడు.

ఉన్నయి నలభై షేర్లు. ఎవరివో చెప్తే నవ్వుతరు.
లాలాపేట మలుపు కాడ
పాత సోడా ఫ్యాక్టరీ కూలగొట్టి కట్టిన
ఆ పెద్ద దుకాణం లేదూ,
తలుపు తీస్తే చల్లగాలి మొహానికి కొడ్తది,
దానివే.
"గిరాకీ అంత అటే పోతున్నది,
మనం గూడ ఒక కాలు అటెయ్యాలె గద" అన్నడు.
బరిల ఉన్నది మా కోడే.
పందెం మాత్రం అవతలి కోడి మీద.

ఒకనాడు పదకొండైనా బోణీ కాలే.
షేరు పదకొండు రూపాయలు పెరిగింది.
నలభై పదకొండ్ల నాలుగొందల నలభై.
చెంప మీద కొట్టి
చేతిల పటికబెల్లం పెట్టినట్టు.

ముందుగాల కాశయ్య నూనె గిర్ని పోయింది.
ఇద్రీస్ భాయ్ పెన్సిల్ అమ్మితే
ములికి చెక్కి మరీ ఇచ్చేటోడు, ఆయన పోయిండు,
అంటే బతికే ఉన్నడు, ఉప్పల్‌ల వాచ్‌మన్.
సబ్బుల కంపెనీ పిలగాడు వారానికి రెండుమాట్ల వచ్చేటోడు,
నెలకోసారి ఆయె,
ఆఖరికి ఎవరూ ఎత్తని నంబరాయె.
ఉస్మాన్‌గంజ్ సేటు కండ్లద్దాలు తుడుచుకుంట చెప్పిండు:
"వాళ్లు అమ్మే ధరకు నాకే సరుకు పడ్తలేదమ్మా.
నువ్వు వాళ్ల కాడనే కొని అమ్ముకో."
కొన్నం గూడ.
మలుపు కాడి నుంచి ఇంటికి, నాలుగొందల గజాలు,
ఆటోల తెచ్చినం,
రాత్రిపూట, ఎవరూ చూడకుండ.

మొన్న శ్రావణంల
ఆ పెద్ద కంపెనీ, దాని పగోడు ఇంకో పెద్ద కంపెనీ
ఒక్కటైనయి.
ఎవరు ఎవర్ని మింగిన్రో తెల్వదు,
పేపర్ల మాత్రం నలుగురు కోట్లోళ్లు చేతులు కలిపి నవ్విన్రు.
షేరు నూటికి తొమ్మిది లేచింది.
వీరేశం మైసూర్‌పాక్ తెచ్చిండు.
నెల తిరగలే,
ఒక్క పేటకు రెండు దుకాణాలెందుకని ఎవరో లెక్కేసిన్రంట,
మలుపు కాడ తాళం వడ్డది.
ఆ కబురుకు షేరు
ఇంకో నాలుగు రూపాయలు.

మూడొద్దులకు నవనీత వచ్చింది.
అక్కడ బిల్లు కొట్టే పిల్ల, వెనక బస్తీది.
ఒకప్పుడు నన్ను గుర్తువట్టనట్టే
"సంచికి పన్నెండు రూపాయలు మేడం" అన్నది.
ఇప్పుడు గడప బయటనే నిలవడి,
"అక్కా, కిలో బియ్యం. ఉద్దెర."

ఉద్దెర బుక్కు వెతికిన.
తెరిచి రెండేండ్లాయె,
కాయితాలు జీలకర్ర వాసనేస్తున్నయి.
రైల్వే ఫిట్టర్ సత్తయ్య పేరు కింద
ఇంకా నూట డెబ్బై ఉన్నది; ఆయన లేడు.
కింది గీత మీద నవనీత పేరు రాసి,
కిలో జోకి,
పిడికెడు కొసరేసిన.
చెయ్యి మర్చిపోలే.

వీరేశం ఫోన్‌లకెళ్లి తలెత్తిండు.
"ఆ పిడికెడు ఏ లెక్కల రాస్తవు?"

ఇప్పుడు పేటల ఉన్నది మా దుకాణమొక్కటే.
ఇంగువ అడుగుతున్నరు, లేదు.
చంటిపిల్ల పాలడబ్బా అడుగుతున్నరు, లేదు.
అరలు నింపుదమంటే పైసల్లేవు.
పైసలు ఆ నలభై షేర్లల్ల ఉన్నయి.

అమ్మేద్దమా అన్న నిన్న రాత్రి.
బొంబాయి మూసి ఆరు గంటలాయె,
మేం ఇంకా షట్టర్ గుంజలే,
బల్బు చుట్టూ ఈసుళ్లు తిరుగుతున్నయి.
కదలని గీతలనే చూసుకుంట
చానాసేపటికి అన్నడు:

"రెండ్రోజులు ఆగుదం.
ఇంకో నాలుగు ఊర్లల్ల మూస్తరంట."