ఆఖరి బండి నాది

గురువారం సాయంత్రం ఏడున్నర.
రాయగడలో, దశరు షెడ్డులో
షట్టరు సగం దించి కూర్చున్నాం ఏడుగురం.
ఒక్కటే బల్బు, దాని చుట్టూ ఉసిళ్ళు.
కాగితం మిల్లు లారీ వెళ్ళినప్పుడల్లా
మేకులకి వేలాడే పానాలు చిన్నగా మోగుతున్నాయి.

శనివారం తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరాలన్నాడు కూర్మారావు.
నాలుగంటే ఐదు, నువ్వొచ్చేసరికి ఆరు అని
నీలమాధబ్ ఒడియాలో నవ్వాడు.
మా ఊళ్ళో నవ్వు రెండు భాషల్లోనూ వస్తుంది.
తిట్టు మాత్రం తెలుగులోనే రుచి అంటాడు వాడు.

పాత బిల్లు పుస్తకం అట్ట వెనక
నేను దారి గీశాను.
నాగావళి వంతెన, చిన్న నిచ్చెనలా.
లక్ష్మీపూర్ ఘాటీ, పిల్లి ఆడి వదిలేసిన దారం ఉండ.
కాకిరిగుమ్మలో టీ. కొరాపుట్‌లో పెట్రోలు.
సిమిలిగుడలో మళ్ళీ టీ.
దేవమాలి దగ్గరకొచ్చేసరికి
పెన్సిలు అట్ట అంచుకి తగిలి ఆగింది.
కొండకి చోటు చాల్లేదు.
"పోన్లే, మిగతాది అక్కడికెళ్ళి చూసుకుందాం" అంది హైమ.
రాత్రి డ్యూటీ దిగి ఆస్పత్రి నుంచి తిన్నగా వస్తుందట.
కొత్త బండికి ఇంకా పద్దెనిమిది వాయిదాలున్నాయి,
లోయ పక్కకి పోనని బ్యాంకుకి మాటిచ్చిందట.

అప్పటిదాకా కార్బొరేటర్లో తలపెట్టిన దశరు
అట్ట లాక్కుని చూశాడు.
వాడు పుట్టింది ఆ కొండల్లోనే.
"ఈ మలుపులో హారన్ కొట్టొద్దు."
"ఏం, అమ్మవారా?"
"కాదు, తేనెటీగలు.
ఇక్కడ నెమ్మది. మా అత్త దూడలు రోడ్డు మీదే పడుకుంటాయి.
చలికి తారే వెచ్చగా ఉంటాది వాటికి."
గ్రీజు వేలితో చుక్క పెట్టాడు.
ఇంకోటి. ఇంకోటి.
ఏ బోర్డు మీదా పేరు లేని ఊళ్ళు,
వలిసె పూల మడి ఒకటి, చల్లటి ఊట ఒకటి,
అడక్కుండానే మండియా జావ పోసే ఇల్లు ఒకటి.
ముగ్గుకి చుక్కలు ముందు పెడతారు.
మేం గీతలు ముందు గీసేశాం.

ఇక ముందెవరు, వెనకెవరు.
ముందుకి నలుగురు పోటీ.
చౌదరి అన్నదమ్ములు పది రూపాయల బిళ్ళ ఎగరేశారు,
అది పోయి ఆయిలు డబ్బాలో పడింది.
ఎవరు గెలిచారో ఇప్పటికీ తెలీదు.

"ఆఖరి బండి నాది" అన్నాను.
మరీ తొందరగా ఒప్పుకున్నారు అందరూ.
పాలవాడి దగ్గర కొన్న బండి కదా,
క్యాన్లు తగిలించిన కొక్కేలు అలాగే ఉన్నాయి.
పంక్చరు సామాను, తాడు, హైమ మందుల సంచీ,
అన్నీ వాటికే.

పోయినేడు మంచులో నా చైను తెగింది.
గంట దాకా ఎవరూ చూసుకోలేదు.
రాయి మీద కూర్చుని
కింద మలుపుల్లో ఎర్రదీపాలు లెక్కపెట్టాను.
ఆరు. ఐదు. కొండ మింగాక రెండు.
మళ్ళీ ఆరు.
కోపం రావాల్సింది. రాలేదు.
అందరూ ఉన్నారు, అంతే అనిపించింది.
ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు,
చెబితే వెక్కిరిస్తారు.
ఏడో దీపం సంగతి అప్పుడు తట్టలేదు.
అది నా వెనక ఉంటుంది.
నాకెప్పుడూ కనపడదు.

పకోడీలొచ్చాయి. ప్లేటు లేదు.
నా అట్ట మీదే పోశారు.
ఘాటీ మొత్తం నూనెలో నానిపోయింది,
దశరు చుక్కలు మాత్రం చెదర్లేదు.

లేచేవేళకి వాడు సొరుగు వెతికి
చిన్న బల్బొకటి తీసి
నా బండి వెనక గొంతుక్కూర్చున్నాడు.
"ఎన్నాళ్ళ నుంచి వెలగట్లేదు ఇది?"
నాకేం తెలుసు.
"బ్రేకు నొక్కు."
నొక్కాను.
తల తిప్పి చూస్తే
సగం దించిన షట్టరు మీద,
పకోడీ నములుతున్న ఆరు ముఖాల మీద
ఎర్రటి వెలుగు.