వెట్టి గాలి

కాయితం మీద మంచిగనే రాసిండ్రు:
యుద్ధానికి ముందటి బండి,
ఇద్దరు కూర్చునేది, పడవ తోక,
ఎనిమిది సిలిండర్లు, సూపర్‌చార్జర్,
మొదటి నుంచి ఒకే కుటుంబం చేతిలో.
అన్నీ అసలు భాగాలే.
ధర మాట్లాడుకోవచ్చు.

నేను సీట్లు కుట్టినోణ్ని.
జడ్చర్లల కల్వకుర్తి తొవ్వకు
మహమూద్ మేస్త్రి షెడ్డు పక్కన నా మిషను.
పద్నాలుగు నెలలు ఆ బండి మా మధ్యల
తోలు ఒలిచిన ఎద్దు లెక్క పడున్నది.
గడి దొడ్లె గడ్డి కింద దొరికిననాటికి
దాంట్ల ఎలుకలు ఎన్ని తరాలు కన్నయో.
పాత తోలు ముట్టుకుంటే అటుకుల తీరు రాలింది.
ఒక్క కుట్టు ఊడలె, తలకాయ ఆనేకాడ,
మైనం రాసిన దారం, దగ్గర దగ్గర పోటు.
అది ఏ ఊరి చెయ్యో తెల్వదు.
ఇప్పబుద్ధి కాలె.
దాని మీదికెల్లే కొత్తది కుట్టిన.

సూపర్‌చార్జర్ అంటే ఏందని అడిగిన మేస్త్రిని.
బీడీ చెవుల చెక్కుకొని చెప్పిండు:
ఇంజను తనంతట తాను పీల్చే గాలి దొరకు సాలదు.
ఇది బయట తిరిగే గాలిని పట్టుకొచ్చి
మెడ వట్టి లోపలికి నూకుతది.
గాలి ఇష్టంతోని పోదు గద,
గందుకే ఒర్లుతది.

కొలిమి తిత్తి, అన్న.
తిత్తే, అన్నడు. కని తిత్తి ఊదెటోడు అలుస్తడు.

ఆ ఒర్లుడు మా ఇంట్ల అందరికీ తెల్సు,
ఇన్నోళ్లు ఒక్కరు మిగలకున్నా.
రేగడిల దిగబడ్డ ఆ బండికి
మా తాత ఆశన్న భుజం పెట్టినోడు,
పదారు మందిల ఒకడు,
మునుము వట్టినట్టు వరుసగ నిలవడి.
దిగబడని దినం ఇంకో పని.
దూరంగ ఒర్లుడు ఇనవడంగనే
తొవ్వ దిగి తుమ్మల్ల నిలవడాలె, చెప్పులు చేతిల.
ఊరందరి చెప్పులు కుట్టినోడు, చెప్పులు చేతిల.
పొద్దుగూకి ఇంటికొస్తే నాయినమ్మ అడుగుతుండె,
ఇయ్యాల కూలి ఎంత?
గాలి, అంటుండె.

మొన్న పుణె నుంచి ఒక సారు వచ్చిండు కొంటనని,
జేబుల అయస్కాంతం పెట్టుకొని.
పుట్టీ పెట్టినకాడ అది అంటదంట.
మడుగార్డుకు ఆనిచ్చిండు, అంటింది.
పడవ తోకకు ఆనిచ్చిండు, అంటలె.
అది అల్యూమినియం సారూ అని మేస్త్రి మొత్తుకున్నా
ఆయన నొసలు ఇప్పలె.
దొర మనుమడికి చెమట్లు.
సీట్లు? అని నా దిక్కు తిరిగిండు.
మేక తోలు. కొత్తకోట అంగడిది.
అసలుది కాదా?
మేక అసలుదే, అన్న.

సీటు కుదిరిందా లేదా సూడాలె,
కుట్టినోడే కూసోవాలె అన్నడు మేస్త్రి.
దొర మనుమడు ఏదో అనబోయి
ఫోను సూసుకున్నడు.
కూసున్న.
పాలమూరు తొవ్వకు తిప్పిండు బండిని.
నలభై దాటినంక మొదలైంది,
ముందుగాల సన్నగ, పంటి కింద ఇసుక తీరు,
తర్వాత నా ఎదలకెల్లే వస్తున్నట్టు.
తంగేడు పొదలు పసుపు గీతలైనయి.
సూసుకుంటే నా చెయ్యి
కిందికి వంగి చెప్పులు ఇడుస్తున్నది.

మూల తిరిగినంక గొర్లు.
ఇన్నూరుంటయి, తొవ్వ నిండ.
కాసే పిలగాని చెవుల్ల వైర్లు,
ఎనకకు తిరగలె.
మేస్త్రి హారన్ కొట్టబోయి నన్ను సూసి
కాలు తీసిండు.
ఒర్లుడు ఆగింది.
ఎనిమిది సిలిండర్లు తమ గాలి తాము పీల్చుకుంట
గొర్ల ఎనక నిలవడ్డయి.
ఒక పొట్టేలు కొమ్ము దురదకు
ముందటి మడుగార్డును రుద్ది రుద్ది పోయింది.

జానెడు గీత.
షెడ్డుకు పోయి పాలిషు పెడుదమా, అన్నడు మేస్త్రి.
నా మజూరి పదకొండు వేలు రానియ్,
అప్పుడు సూద్దాం, అన్న.