చెకింగ్ టేబుల్

బొమ్మనహళ్ళి, మూడో అంతస్తు, ఏడో లైను.
పన్నెండేళ్ళుగా నా పని ఒకటే:
చొక్కాను తిరగేసి
ట్యూబులైటు కింద కుట్టు కుట్టూ చూడటం.
తప్పు దొరికితే ఎర్రబాణం స్టిక్కరు.
పైన ఇస్త్రీ చూసి మోసపోను నేను.

పక్క టేబుల్ ఓబులక్క మోసపోయింది.
మడకశిర మనిషి.
ముట్లుడిగిన రెండేళ్ళకు మళ్ళీ మరక కనబడితే
వేడిచేసిందని మజ్జిగ తాగింది.
నడుంనొప్పి, తెల్లబట్ట, ఓవర్‌టైము
అన్నీ ఒకే మూటలో కట్టుకుని
పెద్దాసుపత్రిలో విప్పేసరికి
డాక్టరమ్మ చాలాసేపు ఏమీ అనలేదు.

మొన్న బుధవారం క్యాంటీన్ పక్క గదికి
పచ్చ కర్టెన్ కట్టారు.
సూపర్వైజరు గడియారం చూపించాడు,
గంటకు ఎనభై పీసులన్నాడు.
ఒక పీసు తక్కువ రాసుకో అన్నాను.

సిగ్గా? ఉండింది, తలుపు దాకా.
"హెదరబేడక్కా" అంది సిస్టర్ ఫిలోమినా.
కాళ్ళు మడిచి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను.
మూడే. మళ్ళీ లెక్కపెట్టాను.
వినిగర్ లాంటి పుల్లటి వాసన.
మచ్చ ఉంటే తెల్లగా తేలుతుందట,
ఒక నిమిషం ఆగాలట.
ఒక కాలరు చూసేంతసేపు!

తేలింది. గోరంత.
ఇంకా క్యాన్సర్ కాదు,
వదిలేస్తే కావచ్చునట.
వాషింగుకు పోకముందే దొరికిన తప్పు.
దారం తెంచి మళ్ళీ కుట్టొచ్చు.
చీటీ రాసిచ్చింది, శనివారం రమ్మంది.
మా హరిణికి తొమ్మిదో తరగతి,
దాని సూది సంగతీ అడిగి తెలుసుకున్నా.

ఓబులక్క స్టూలు మీద ఇప్పుడు
యల్లమ్మ కూతురు సుకన్య కూర్చుంటుంది.
ముప్పై రెండేళ్ళు, ఇద్దరు పిల్లలు,
"నాకేం నొప్పి లేదక్కా" అంటుంది.
నొప్పి లేనప్పుడే పోవాలే పిల్లా.
వచ్చే బుధవారం మళ్ళీ కర్టెన్ కడతారు.
పో.
నీ పీసులు నేను చూస్తాలే.