అతిథి ఇంకా గుమ్మంలోనే

కుతైసిలో అయిదో అంతస్తు.
నాణెం వేస్తేనే కదిలే లిఫ్టు.
నా చేతిలో సీసా, సీసాలో జోంజోలి:
మా మేనత్త ఉప్పులో ఊరబెట్టిన పూమొగ్గలు,
పచ్చపూసలు దారానికి గుచ్చి
ఎవరో నీళ్లలో మరిచిపోయినట్టు.

తెక్లేకి ఐదేళ్లు.
దాని పళ్లెంలోకి రానిచ్చేది ముగ్గురినే.
రొట్టె, తెల్ల జున్ను, తొక్క తీసిన బంగాళదుంప.
అవీ ఒకదానికొకటి తగలకూడదు.

నిరుడంతా నేను పడని పాట్లు లేవు.
పాలకూర ముద్దకి విమానం రెక్కలు కట్టాను,
నా ఒళ్లోనే కూలింది.
బీట్‌రూటుని రొట్టె మడతలో దాచాను,
పోలీసులా మడత విప్పి "ఇదెవరు?" అంది.
ఆ వారమంతా
నా ముద్దుని కూడా వాసన చూసి తీసుకుంది.
తింటే కేకు పెడతానన్నాను.
కేకు తినేసింది.
ముద్ద మాత్రం పొద్దున్న దిండు మీద దొరికింది.

ఇవాళ నాకు ఓపిక లేదు.
మందుల షాపులో పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్లు.
మొగ్గల మీద ఉల్లి చక్రాలు, కాస్త నూనె వేసి
గిన్నె బల్ల మధ్యలోకి తోసి కూర్చున్నాను.
తినమని ఎవరినీ అనలేదు.

మామగారు బద్రి చుట్టూ చూశాడు.
"ఈ రాత్రి తమదా ఎవరు?"
మా విందుకి ఒక పెద్ద ఉండాలి,
ఆ పెద్ద గ్లాసెత్తి నాలుగు మాటలు చెప్పందే
ఎవరి గొంతూ తడవదు.
ఆయన తన కుర్చీలో దిండు తీసి
తెక్లే కింద వేశాడు.

లేచి నిలబడింది.
చేతిలో తార్ఖూన్ సోడా, చిలకపచ్చ రంగుది.
పచ్చటిది తాగుతుంది, పచ్చటిది తినదు,
ఆ లెక్క నేనెప్పుడూ అడగలేదు.
"మొదటిది రొట్టెకి. రోజూ వస్తుంది కాబట్టి."
తాగాం.
"రెండోది నాన్నకి. వ్యాను ఇంకా తోలుతున్నాడు కాబట్టి."
తాగాం. బయట వాన.
"మూడోది..." గిన్నె వైపు చూసి ఆగింది.
"దీన్నెవరు పిలిచారు?"
"ఎవరూ పిలవలేదు," అన్నాడు ముసలాయన.
"అడవి నుంచి వచ్చింది. చలేసింది. తలుపు కొట్టింది."

తమదా ఆలోచనలో పడింది.
పిలవకుండా వచ్చినా సరే
పొమ్మనకూడదని దానికెవరు చెప్పారో!
ఒక్క కాడని రెండు వేళ్లతో ఎత్తి
ముక్కు దగ్గర, తర్వాత చెవి దగ్గర పెట్టుకుంది.
చిట్టచివరి మొగ్గని నాలుక కొసతో తాకింది.
ముఖం పిండేసిన నిమ్మచెక్కయింది.
నేను ఉల్లి చక్రాలు లెక్కపెడుతున్నాను.

కాడని పళ్లెం అంచున పెట్టింది,
రొట్టెకి దూరంగా, అయినా పళ్లెంలోనే.
"ఇది ఇంకా గుమ్మంలోనే ఉంది.
బూట్లు విప్పుకుంటోంది. తొందరపెట్టకండి."
గ్లాసులెత్తాం.

ఈ ఉపన్యాసాలేవీ పట్టని ఇలికో,
రెండేళ్లవాడు,
అప్పటికే గిన్నె సగం ఖాళీ చేసి
ఇంకా కావాలని చెయ్యి చాచాడు.
వాడి వైపు అక్క చూసిన చూపు!
వచ్చిన చుట్టాన్ని జుట్టు పట్టుకుని
లోపలికి ఈడ్చినవాణ్ణి చూసినట్టు.

వాళ్లు పడుకున్నాక పళ్లేలు తీశాను.
అంచున కాడ లేదు.
బల్ల కింద చూశాను. అలవాటుగా దిండు కిందా చూశాను.
చివరికి బొమ్మ మేజోడులో దొరికింది,
చలెయ్యకుండా రుమాలులో చుట్టి.

దీపం దగ్గర పెట్టి మొగ్గలు లెక్కపెట్టాను,
పదకొండు.
ఎత్తినప్పుడు ఎన్నున్నాయో
మాలో ఎవరూ లెక్కపెట్టలేదు.