పాయకు అవతల

సాల్వే తీరం, జనవరి.
ఉప్పుగడ్డి మీద పేరిన మంచు
అడుగేస్తే అప్పడంలా విరుగుతోంది.
బురదకాలవలో మోకాళ్ళదాకా నేను,
నా తొడకు ఆనుకుని నువ్వు, బ్రాకెన్,
పదకొండేళ్ళ ఒళ్ళు
తడిసిన గోనెలా వణుకుతూ.

వస్తున్నాయి.
ముందు కూత, తర్వాత ఆకారం.
గులాబికాళ్ళ పెద్దబాతులు ఏడు,
నెత్తికి ముప్ఫై గజాలు లేవు.
పొట్టల కింద ఈకలు లెక్కపెట్టొచ్చు.
ఈ చలికాలమంతా ఇంత దగ్గరికి రాలేదు.
వేలు దానంతటదే మీట మీదికి పోయింది.

కానీ గాలి నా వీపు మీద ఉంది.
కొడితే పాయకు అవతల పడుతుంది.
పాయలో పోటు ఎక్కుతోంది.
నేను పొమ్మనక్కర్లేదు,
నువ్వు పోతావు.

ఒకేడు ఇక్కడే
రెక్క విరిగిన బాతొకటి అవతలి గట్టున
చీకటిపడేదాకా పిలిచింది.
దాని జత పైన తిరుగుతూనే ఉంది.
కొట్టింది రోరీ అని క్లబ్బులో చెప్పాను.
రోరీ కాదనలేదు. నవ్వాడంతే.
మొన్నటి శరత్తులో వాణ్ణి పాతిపెట్టాం.
ఇప్పుడా బాతు పూర్తిగా నాదే.

తుపాకీ నడుం మడిచి
రెండు తూటాలూ జేబులో వేసుకున్నాను,
వాటికింకా చలి వదల్లేదు.
ఏడూ గట్టు దాటి పొలాల్లోకి దిగిపోయాయి.
నువ్వు నా మొహంలోకి చూస్తున్నావు,
తప్పు నీదేమో అన్నట్టు.